కూలని విమానాలను లెక్కలో ఎక్కడ చూపిస్తారు? విండ్ షియర్ హెచ్చరికల ఖర్చుపై బహిరంగ లేఖ

గౌరవనీయులైన విమానాశ్రయాల నిర్వాహకులకు, పౌర విమానయాన నియంత్రణ అధికారులకు, ఈ పనులకు నిధులు మంజూరు చేసే ఆర్థిక విభాగాల వారికి,

నమస్కారం.

విండ్ షియర్‌ను కనిపెట్టే పరికరాల ఫైలు మీ ముందుకు వచ్చినప్పుడల్లా దాదాపు ఒకే ప్రశ్న వినబడుతుంది. "ఇన్నేళ్లుగా ఇక్కడ దీనివల్ల ఒక్క ప్రమాదం కూడా జరగలేదు కదా, ఇంత ఖర్చు ఎందుకు?" అడగాల్సిన ప్రశ్నే. ఆ డబ్బు చివరికి ప్రయాణికుల జేబులోంచి వచ్చేదే కాబట్టి అడగకపోతేనే తప్పు. అయితే దానికి జవాబు వెతికే పద్ధతి చాలాచోట్ల గాడి తప్పిందని నా గట్టి అభిప్రాయం. విమానయాన వాతావరణ సేవల్లో పనిచేసినవాడిగా ఆ పద్ధతి గురించే ఈ లేఖ రాస్తున్నాను. పరికరాలు అమ్మే ఏ కంపెనీతోనూ నాకు సంబంధం లేదు. కొన్ని విమానాశ్రయాలు ఈ ఖర్చు పెట్టనవసరం లేదని కూడా ఇదే లేఖలో చెబుతాను.

ముందు అసలు ప్రమాదం ఎక్కడుందో చూద్దాం. తక్కువ దూరంలోనే గాలి వేగం గానీ దిశ గానీ ఒక్కసారిగా మారిపోవడాన్ని విండ్ షియర్ అంటాం. ఎంతో ఎత్తులో ఎగిరే విమానానికి ఇది కుదుపు మాత్రమే. నేలకు వెయ్యి అడుగుల లోపు ఉన్న విమానానికి ఇది ప్రాణాల మీదకు వచ్చే సంగతి. దీనిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది మైక్రోబర్స్ట్. ఉరుముల మేఘం నుంచి చల్లటి గాలి స్తంభంలా కిందికి దిగి, కుళాయి నీళ్లు గచ్చు మీద పడి చుట్టూ చిమ్మినట్టు, నేలను తాకి అన్ని వైపులకూ పరుచుకుంటుంది. వెడల్పు నాలుగు కిలోమీటర్ల లోపు. ఆయుష్షు ఐదు నుంచి పదిహేను నిమిషాలు.

ల్యాండింగ్‌కు వస్తున్న విమానం అందులోకి వెళితే మొదట బలమైన ఎదురుగాలి తగులుతుంది. విమానం వేగం పెరిగినట్టు, పైకి లేస్తున్నట్టు కనబడుతుంది. దాన్ని సరిచేయాలని పైలట్ ఇంజిన్ పవర్ తగ్గిస్తాడు. కొద్ది సెకన్లలో గాలి పైనుంచి కిందికి నొక్కుతుంది. ఆ వెంటనే అదే గాలి వెనకనుంచి వస్తుంది. రెక్కల మీదుగా పారే గాలి వేగం ముప్పై, నలభై, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ నాట్లు (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) పడిపోతుంది. అప్పటికే పవర్ తగ్గించి ఉంది, కింద నేల దగ్గరగా ఉంది. పెద్ద జెట్ ఇంజిన్ మళ్లీ పూర్తి బలం అందుకోవడానికి కొన్ని సెకన్లు కావాలి. ఆ సెకన్లే ఉండవు.

ఈ విషయం తెలియడానికి ఎంత మూల్యం చెల్లించామో ఫైలు తిరగేసేవాళ్లకు గుర్తుండాలి. 1975 జూన్ 24న న్యూయార్క్ కెనడీ విమానాశ్రయంలో ల్యాండింగ్‌కు వస్తూ ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 66వ నంబరు విమానం కూలి 113 మంది చనిపోయారు. ఆ ప్రమాదాన్ని పరిశీలించిన చికాగో విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ టెట్సుయా ఫుజిటా, ఇది కిందికి దూసుకొచ్చి నేల మీద పరుచుకున్న గాలి పని అని వాదించాడు. తోటి శాస్త్రవేత్తల్లోనే చాలామంది ఒప్పుకోలేదు. 1978లో చికాగో దగ్గర, 1982లో డెన్వర్ దగ్గర గాలి కదలికను పట్టుకునే డాప్లర్ రాడార్లు పెట్టి కొలిచాక వాదనకు తావు లేకుండా పోయింది. ఈలోగా 1982 జూలై 9న న్యూ ఓర్లియన్స్ దగ్గర టేకాఫ్ అయిన పాన్ ఆమ్ 759 కూలి, నేల మీద ఉన్న ఎనిమిది మందితో కలిపి 153 మంది పోయారు. 1985 ఆగస్టు 2న డల్లాస్ ఫోర్ట్‌వర్త్‌లో డెల్టా 191 ప్రమాదంలో 137 మంది. 1964 నుంచి 1985 దాకా అమెరికా ఒక్క దేశంలోనే విండ్ షియర్ కారణంగానో, దాని పాత్రతోనో 26 పెద్ద ప్రమాదాలు జరిగి 620 మంది చనిపోయారని అక్కడి లెక్క.

ఆ తర్వాత ఆ దేశం మూడు పనులు ఒకేసారి చేసింది. పైలట్ల శిక్షణ మార్చింది, విమానాల్లో హెచ్చరిక పరికరాలు తప్పనిసరి చేసింది, విమానాశ్రయాల దగ్గర నేల మీద రాడార్లు, గాలి కొలిచే స్తంభాలు పెట్టింది. 1994 జూలై 2న షార్లట్‌లో యూఎస్ ఎయిర్ 1016 కూలి 37 మంది చనిపోయిన తర్వాత, అక్కడ పెద్ద ప్రయాణికుల జెట్ ఏదీ మైక్రోబర్స్ట్ వల్ల కూలి ప్రాణాలు తీయలేదు.

సరిగ్గా ఇక్కడే మన లెక్క దారి తప్పుతుంది. ఒక నివారణ చర్య బాగా పనిచేసిన కొద్దీ, గత ఇరవై ఏళ్ల ప్రమాదాల పట్టికలో దాని ప్రయోజనం సున్నాకు దగ్గరవుతుంది. ఆ పట్టికను పట్టుకుని "గత ఇరవై ఏళ్లలో నష్టం లేదు, కాబట్టి నివారించాల్సిన నష్టమూ లేదు" అని రాస్తే అది లెక్కలా కనిపిస్తుంది, కానీ కాదు. ఆకాశంలో గాలి 1975లో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. విమానాల రాకపోకలు మాత్రం ఎన్నో రెట్లు పెరిగాయి. 2012 ఏప్రిల్ 20న ఇస్లామాబాద్ దగ్గర భోజా ఎయిర్ విమానం కూలి అందులో ఉన్న 127 మందీ చనిపోయారు. 2018 జూలై 31న మెక్సికోలోని డురాంగోలో టేకాఫ్ అవుతూనే ఏరోమెక్సికో కనెక్ట్ విమానం మైక్రోబర్స్ట్‌లో చిక్కి నేలమీద పడి కాలిపోయింది. అందులోని 103 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ బయటపడటాన్ని మీ పట్టిక "మరణాలు: సున్నా" అని రాసుకుంటుంది. అలా రాసుకోవడం న్యాయమా?

కాబట్టి నా మొదటి విన్నపం ఇది. ప్రమాదాల సంఖ్య నుంచి లెక్క మొదలుపెట్టకండి, గాలి నుంచి మొదలుపెట్టండి. మీ రన్‌వేల చివర, ల్యాండింగ్ దారిలో మొదటి కొన్ని కిలోమీటర్లలో, ఏడాదికి ఎన్నిసార్లు, ఎంత బలంగా, ఏ నెలల్లో, ఏ గంటల్లో షియర్ వస్తోంది? ఆ గంటల్లో ఎన్ని విమానాలు దిగుతున్నాయి, ఎన్ని లేస్తున్నాయి? ఈ రెండూ కలిసినప్పుడు వచ్చేది అసలైన ముప్పు. తెల్లవారుజామున రద్దీ ఉండి, సాయంత్రాలు ఉరుములు వచ్చే విమానాశ్రయం ఒకటి. ఉరుముల వేళకే రద్దీ పెరిగే విమానాశ్రయం ఇంకొకటి. ఏడాది సగటు తీస్తే రెండూ ఒకేలా కనబడతాయి. గంటల వారీగా చూస్తే పోలికే లేదు.

ఈ గాలి లెక్క ఎంత తేడా చూపిస్తుందో హాంకాంగ్ అనుభవం చెబుతుంది. 1998లో మొదలైన చెక్ లాప్ కోక్ విమానాశ్రయం పక్కనే లాంటావు కొండలున్నాయి. గాలి ఆ కొండల మీదుగా, మధ్య సందుల్లోంచి వచ్చి రన్‌వే దగ్గర చెదురుతుంది. అక్కడ సుమారు ప్రతి 500 విమానాల్లో ఒకటి చెప్పుకోదగ్గ విండ్ షియర్ ఎదురైందని రిపోర్ట్ చేసింది. ఏడాదికి లక్ష రాకపోకలున్న చోట ఈ రేటు ఉంటే రెండు వందల విమానాలన్నమాట. ఆ రెండు వందల్లో ఒక్కటీ కూలకపోవచ్చు. అయినా ఆ రెండు వందల సార్లు పైలట్ ముందే తెలిసి వెళ్లాడా, తెలియకుండా వెళ్లాడా అన్నది లెక్కలో ఉండాలి. ఈ రేటు హాంకాంగ్‌ది. దాన్ని తెచ్చి మైదానంలో ఉన్న విమానాశ్రయానికి అంటించడం కూడా తప్పే. ఎవరి గాలిని వాళ్లే కొలుచుకోవాలి.

కొన్ని విమానాశ్రయాలకు ఈ ఖర్చు అనవసరం అన్నాను కదా. ఉరుముల మేఘాలు అరుదుగా వచ్చే ప్రాంతం, చుట్టూ కొండలు లేని మైదానం, రోజుకు కొద్ది విమానాలు మాత్రమే నడిచే చోట ప్రత్యేక డాప్లర్ రాడార్ పెట్టడం డబ్బు వృథా. అదే డబ్బుతో రన్‌వే చివర భద్రతా స్థలం పెంచితే ఎక్కువ ప్రాణాలు కాపాడొచ్చు. పక్క విమానాశ్రయంలో పెట్టారని మనమూ పెట్టుకుందాం అనే పోటీ ఈ రంగంలో పనికిరాదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ మూడో అనుబంధం (వాతావరణ సేవల నియమాలు) కూడా, విండ్ షియర్ ముప్పు ఉందని భావించే చోట హెచ్చరికలు ఇవ్వాలనే చెబుతుంది. ముప్పు ఉందో లేదో తేల్చుకునే బాధ్యత మీదే. ఆ తేల్చుకోవడం కొలతల మీద జరగాలి, "ఎవరూ ఫిర్యాదు చేయలేదు" అనే మాట మీద కాదు. పైలట్లు తమకు ఎదురైన షియర్‌ను చాలాసార్లు రిపోర్ట్ చేయరు. సురక్షితంగా దిగాక ఆ సంగతి మరుగున పడిపోతుంది.

ఇక పరికరాల సంగతి. టెండర్ కాగితాల్లో అన్నిటినీ "విండ్ షియర్ డిటెక్షన్ సిస్టమ్" అనే ఒకే పేరు కింద రాస్తుంటారు. ఏది దేన్ని చూడగలదో తెలియకుండా ధరలు పోల్చడం వల్ల చాలా నష్టం జరుగుతోంది.

అన్నిటికంటే పాతవి, చవకైనవి రన్‌వే చుట్టూ స్తంభాల మీద పెట్టే ఎనిమోమీటర్లు, అంటే గాలి వేగం, దిశ కొలిచే పరికరాలు. మొదటి తరం ఏర్పాటులో మధ్యలో ఒకటి, చుట్టూ ఐదు ఉండేవి. మధ్య స్తంభానికి, చుట్టూ ఉన్నవాటికి గాలిలో 15 నాట్లు, అంతకు మించి తేడా వస్తే అలర్ట్ ఇచ్చేవి. వాటి బలహీనత ఏమిటంటే, గాలి ఆ స్తంభాల దగ్గరికి వచ్చాకే తెలుస్తుంది. న్యూ ఓర్లియన్స్‌లో, డల్లాస్‌లో ఆ ప్రమాదాల నాటికే ఆ వ్యవస్థ ఉంది. అయినా డల్లాస్‌లో గాలి రన్‌వేకు ఉత్తరాన, విమానం దిగే దారిలో, స్తంభాలు లేని చోట పడింది. సమయానికి అలర్ట్ రాలేదు. తర్వాత స్తంభాల సంఖ్య పెంచి, లెక్కగట్టే పద్ధతి మార్చి దాన్ని చాలా మెరుగుపరిచారు. ఈ రోజుకీ మంచి అమరికతో ఉన్న ఎనిమోమీటర్లను నేను తక్కువ చేయను. చిన్న, మధ్య తరహా విమానాశ్రయాలకు అవే సరైన ఎంపిక కావచ్చు. కానీ చుట్టూ చెట్లు పెరిగితే, కొత్త భవనం లేస్తే అవి గాలిని తప్పుగా చూస్తాయి. కొన్నప్పటి ఖర్చు రాస్తారు, పదేళ్ల తర్వాత స్తంభం ఎత్తు పెంచే ఖర్చు ఎవరూ రాయరు.

విమానాశ్రయం కోసమే పెట్టే డాప్లర్ వాతావరణ రాడార్ సంగతి వేరు. రన్‌వేకు పది నుంచి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉండి, వాన చినుకుల కదలికను బట్టి గాలిని కొలుస్తుంది. గాలి నేలను తాకకముందే మేఘంలో జరిగే మార్పును కూడా పట్టుకోగలదు. అమెరికాలో ఇలాంటి రాడార్లకు పెట్టిన షరతు, నూటికి తొంభై మైక్రోబర్స్ట్‌లను పట్టుకోవాలి, తప్పు అలర్ట్‌లు నూటికి పది దాటకూడదు అని. ఈ షరతును మీ టెండర్‌లో అడగండి. రాడార్‌కు ఇంకో లాభం ఉంది, ఖర్చు లెక్కల్లో దాన్ని తరచూ మర్చిపోతారు. ఉరుముల మేఘం నుంచి ముందుకు పాకివచ్చే గాలి అంచును పది, ఇరవై నిమిషాల ముందే చూపించగలదు. రన్‌వే దిశ ఎప్పుడు మార్చాలో విమానాలకు దారి చెప్పే కంట్రోలర్‌కు ముందే తెలిస్తే, వరుసలో ఉన్న విమానాలను తికమక లేకుండా తిప్పుకోవచ్చు. రద్దీ విమానాశ్రయంలో ఇలా ఆదా అయ్యే ఇంధనం, సమయం ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. ప్రాణరక్షణ లాభం ఎప్పుడో గానీ కంటికి కనిపించదు. ఇంధనం, సమయం ఆదా అయ్యే ఈ లాభాన్ని మాత్రం ప్రతి సీజన్‌లోనూ కొలవొచ్చు.

రాడార్‌కు చినుకులు కావాలి. పొడి గాలిలో, వాన నేలను చేరకముందే ఆవిరైపోయే చోట్ల, కొండల మీదుగా ఎండవేళ వచ్చే షియర్‌లో దానికి కనిపించేది తక్కువ. అక్కడ లైడార్ పనికొస్తుంది. గాలిలోని సన్నటి దుమ్ము మీద లేజర్ కాంతి పంపి వేగం కొలుస్తుంది. హాంకాంగ్ 2002లో దీన్ని విమానాశ్రయ హెచ్చరికల కోసం పెట్టి దారి చూపింది. గట్టి వానలో, దట్టమైన పొగమంచులో లైడార్ చూపు ఎంతో దూరం పోదు. అంటే రాడార్ గుడ్డిదయ్యే చోట లైడార్ చూస్తుంది, లైడార్ గుడ్డిదయ్యే చోట రాడార్ చూస్తుంది. మీ విమానాశ్రయంలో వచ్చే షియర్‌లో తడిది ఎంత, పొడిది ఎంత అని తేల్చకుండా రెండిట్లో ఒకటి కొంటే సగం డబ్బు గాల్లో కలిసినట్టే. అలాస్కాలోని జూనో లాంటి కొండల మధ్య విమానాశ్రయంలో ఈ రెండిటికీ బదులు కొండ శిఖరాల మీద ఎనిమోమీటర్లు, నిలువుగా గాలిని కొలిచే ప్రొఫైలర్లు పెట్టుకున్నారు. అక్కడి గాలికి అదే సరిపోయింది.

అన్నిటికంటే చవకైన దారి ఒకటి చెబుతాను. విమానాల రాకపోకలు చూసే రాడార్ మీకు ఇప్పటికే ఉంటే, దాని సిగ్నల్‌నే వాతావరణం కోసం మళ్లీ చదివే ప్రాసెసర్ జోడించవచ్చు. ప్రత్యేక రాడార్ అంత బాగా చూడదు, పొడి షియర్‌లో మరీ వెనకబడుతుంది. కానీ కొత్త భూమి, కొత్త టవర్ అక్కర్లేదు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన లింకన్ లాబొరేటరీ, అమెరికా పౌర విమానయాన నియంత్రణ సంస్థ కోసం 161 విమానాశ్రయాలను తీసుకుని ఈ రకాలన్నిటినీ విడివిడిగా, కలిపి, చోటు చోటుకీ పోల్చి చూసింది. స్థానిక గాలి స్వభావం, కొండల అడ్డు, రాడార్ మీద నేల నుంచి వచ్చే గందరగోళం, ట్రాఫిక్, అన్నీ ఒక్కో విమానాశ్రయానికీ వేరువేరుగా లెక్కించారు. నేను అడుగుతున్నది ఈ రకం లెక్క. దేశమంతటికీ ఒకే పరికరం అని తీర్మానం చేసేవాళ్లు ఈ పని తప్పించుకుంటున్నారు.

"ఇప్పుడు విమానాల్లోనే రాడార్లు ఉన్నాయి కదా, నేల మీద ఎందుకు?" అనే వాదన ఈ మధ్య బాగా వినిపిస్తోంది. ఇందులో నిజం ఉంది, దాన్ని దాచను. ముక్కులో డాప్లర్ రాడార్ ఉన్న విమానం తన దారిలో ముందున్న షియర్‌ను దాదాపు పది నుంచి నలభై సెకన్ల ముందు చూడగలదు. ఆ కాస్త సమయంలో పైలట్ పవర్ పెంచి పైకి లేపగలడు. అందువల్ల నేల మీది పరికరం అదనంగా కాపాడేది, 1980ల నాటి అంచనాల కంటే తక్కువ. మీ లెక్కలో ఆ తగ్గింపు చూపించాల్సిందే. అలాగని ఆ అదనం సున్నా కాదు. మీ రన్‌వే వాడే విమానాలన్నిటికీ ఆ రాడార్ ఉందా? చిన్న ప్రాంతీయ విమానాలు, పాత సరుకు విమానాలు, చార్టర్లు ఎన్ని? కొన్నిటిలో ఉన్న పరికరం ఇప్పటికీ షియర్‌లోకి వెళ్లాకే అలారం మోగించే రకం. ఇంకొక తేడా కూడా ఉంది. విమానంలోని రాడార్ ఆ ఒక్క విమానానికే చెబుతుంది. నేల మీది రాడార్ కంట్రోలర్‌కు చెబుతుంది, ఆయన వెనక వస్తున్న పది విమానాలకు చెబుతాడు. మీ ట్రాఫిక్‌లో ఏ రకం విమానాలు ఎంత శాతమో మీ దగ్గరే లెక్క ఉంటుంది. ఆ శాతాన్ని తెచ్చి ఈ అదనాన్ని అంచనా వేయండి.

వెనక వచ్చే విమానాలకు నేల మీది రాడార్ ఎందుకు కావాలో చెప్పడానికి 1988 జూలై 11న డెన్వర్‌లో జరిగింది మంచి ఉదాహరణ. అక్కడ అప్పుడు కొత్త డాప్లర్ రాడార్‌ను పరీక్షిస్తున్నారు. కొద్ది నిమిషాల్లో వరుసగా నాలుగు ప్రయాణికుల విమానాలు ల్యాండింగ్ దారిలో బలమైన మైక్రోబర్స్ట్‌లో చిక్కుకుని, ల్యాండింగ్ మానుకుని తిరిగి పైకి లేచాయి. ఒకటి రన్‌వేకు మైలు దూరంలో ఉండగానే నేలకు వంద అడుగుల లోపు వరకు దిగిపోయింది. ఐదోది షియర్ జోలికి పోకుండానే తప్పుకుంది. ఎవరికీ గాయం కాలేదు. నాలుగు పెద్ద ప్రమాదాలు కాగలిగినవి ప్రమాదాల పట్టికలో ఒక్క గీత కూడా గీయకుండా వెళ్లిపోయాయి. నాకైతే డెన్వర్‌లో జరిగినది ఈ రంగంలోని అతి ముఖ్యమైన సాక్ష్యాల్లో ఒకటి.

కానీ పరికరం పెట్టి చేతులు దులుపుకుంటే సరిపోదు. నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఈ భాగమే, అందుకే కొంచెం ఎక్కువసేపు చెబుతాను. డెల్టా 191 ప్రమాదంపై అమెరికా రవాణా భద్రతా బోర్డు మూడు కారణాలు కలిపి చెప్పింది: మెరుపులు కనబడుతున్న మేఘంలోకి విమానం తీసుకెళ్లాలన్న సిబ్బంది నిర్ణయం, షియర్‌ను తప్పించుకోవడానికీ అందులోంచి బయటపడటానికీ స్పష్టమైన నియమాలు, శిక్షణ లేకపోవడం, అప్పటికప్పుడు షియర్ ముప్పును కచ్చితంగా చెప్పే సమాచారం లేకపోవడం. మూడిట్లో ఒక్కటే పరికరం.

షార్లట్ ప్రమాదం ఇంకా కలచివేస్తుంది. అక్కడ పెట్టాల్సిన ప్రత్యేక రాడార్, భూమి సేకరణ చిక్కుల వల్ల ఆలస్యమైంది. పాత ఎనిమోమీటర్ల వ్యవస్థ ఉంది. ఉరుముల వాన గురించి కంట్రోలర్ల దగ్గరున్న సమాచారం పైలట్ల దాకా పూర్తిగా చేరలేదు. విమానంలో ఉన్న హెచ్చరిక పరికరం, ఆ క్షణంలో ఫ్లాప్‌లు (రెక్కల వెనక అంచున కిందికి వంగే పలకలు) కదులుతున్నాయి కాబట్టి, దాని సాఫ్ట్‌వేర్ తీరు వల్ల సమయానికి మోగలేదు. నేల మీద, గాలిలో, మనుషుల మధ్య, మూడు చోట్లా గొలుసు ఒకేసారి తెగింది. ఈ మూడిట్లో ఏ ఒక్కటి నిలబడినా ఆ 37 మందిలో కొందరైనా బతికేవారేమో.

అందుకే చెబుతున్నాను. మీరు రాసే ఖర్చు పట్టికలో పరికరం ధర పక్కన, ఆ అలర్ట్ కంట్రోలర్ తెరమీద ఎలా కనిపిస్తుంది, ఏ మాటల్లో పైలట్‌కు చెబుతారు, ఎన్ని సెకన్లలో చెబుతారు, పైలట్ ఏం చేయాలని కంపెనీ నియమం ఉంది అనే వరుసకు కూడా డబ్బు కేటాయించండి. "ఈ ప్రాంతంలో ఉరుములున్నాయి" అనే మాటకూ, "మైక్రోబర్స్ట్ అలర్ట్, ముప్పై నాట్ల నష్టం, రెండు మైళ్ల ఫైనల్" (అంటే రన్‌వేకు రెండు మైళ్ల ముందు, దిగే దారిలో) అనే మాటకూ ప్రాణాల దగ్గర ఎంతో తేడా ఉంది. మొదటిది విన్న పైలట్ ఆలోచిస్తాడు. రెండోది విన్న పైలట్ గో-అరౌండ్ చేస్తాడు, అంటే ల్యాండింగ్ మానుకుని మళ్లీ పైకి లేస్తాడు. అలా చేయడానికి ఆయనకు తన కంపెనీ నుంచి ఏ టెన్షన్ ఉండకూడదు. గో-అరౌండ్ చేసిన పైలట్‌ను ఇంధనం లెక్క అడిగే కంపెనీలు ఈ గొలుసును చేజేతులా తెంపుతున్నట్టే.

తప్పు అలర్ట్‌ల గురించి నిజాయితీగా మాట్లాడుకోవాలి. ప్రతి తప్పు అలర్ట్‌కు ఒక ఖర్చుంది. విమానం మళ్లీ చక్కర్లు కొడుతుంది, వెనకున్న వరుస చెదురుతుంది, దూరంనుంచి వచ్చిన విమానానికి ఇంధనం తక్కువైతే వేరే చోటికి పోతుంది. వీటికి మించిన ఖర్చు, పైలట్లు నమ్మకం కోల్పోవడం. వారంలో మూడుసార్లు అలర్ట్ వచ్చి ఏమీ జరగకపోతే నాలుగోసారి వచ్చినప్పుడు పట్టించుకునేవారు తగ్గుతారు. ఈ భయంతో అలర్ట్ స్థాయిని మరీ పెంచేస్తే నిజమైనవి తప్పిపోతాయి. ఈ రెండు అంచుల మధ్య ఎక్కడ నిలబడాలనేది పరికరాల కంపెనీ నిర్ణయించకూడదు. మీ విమానాశ్రయంలో పనిచేసే కంట్రోలర్లు, వాతావరణ సిబ్బంది, పైలట్లు కలిసి, ఏటా నమోదైన అలర్ట్‌లను విమానాల రికార్డర్లలోని గాలితో పోల్చి నిర్ణయించాలి. ఆ పోలిక ఫలితాలను బయటపెట్టండి. ఎన్ని నిజమయ్యాయి, ఎన్ని తప్పాయి, ఎన్ని అలర్ట్ లేకుండా జరిగాయి. ఈ మూడు సంఖ్యలు బయటపెట్టని విమానాశ్రయం, తన పరికరం డబ్బుకు తగ్గ పని చేస్తోందో లేదో తనకే తెలియని స్థితిలో ఉంది.

కొన్న తర్వాత అయ్యే ఖర్చు ఫైలులో ఎప్పుడూ తక్కువగానే కనబడుతుంది. భూమి, కరెంటు, సమాచార లైన్లు, విడిభాగాలు, రాత్రిపూట కూడా మరమ్మతు చేయగల సిబ్బంది ఇవన్నీ పరికరం ఉన్నన్నాళ్లూ ఉంటాయి. రాడార్ వాడే ఫ్రీక్వెన్సీ కూడా ఖర్చే. విమానాశ్రయ డాప్లర్ రాడార్లు వాడే ఐదు గిగాహెర్ట్జ్ పరిధిలోకే వైఫై పరికరాలు కూడా వచ్చాయి. ఆ రాడార్ల తెరల మీద వాటి అడ్డు చారలుగా కనబడి, అలాంటి పరికరాల మీద చర్యలు తీసుకోవాల్సి వచ్చింది. ఆ పరిధిని కాపాడే బాధ్యత విమానాశ్రయం ఒక్కదాని వల్ల అయ్యేది కాదు, టెలికాం నియంత్రణ సంస్థ కూడా కదలాలి. పరికరం చెడిపోయి వారాల తరబడి మూలనపడి ఉంటే, అది లేనట్టే అని కాదు, లేనిదానికంటే అధ్వాన్నం. ఉందనుకుని వచ్చే పైలట్ మౌనాన్ని భద్రతగా అర్థం చేసుకుంటాడు. కాబట్టి ఇరవై ఏళ్ల నిర్వహణకు నిధులు హామీ ఇవ్వలేకపోతే, పెద్ద రాడార్ బదులు నిలబెట్టుకోగలిగిన చిన్న వ్యవస్థ కొనండి. ఈ మాట అమ్మేవాళ్లు మీకు చెప్పరు.

ప్రాణం విలువను డబ్బులో రాయడం చాలామందికి ఇబ్బందిగా ఉంటుంది. నాకూ ఇష్టం లేదు. అయినా లెక్క గట్టేటప్పుడు ఆ సంఖ్య లేకపోతే అది సున్నా అయిపోతుంది, అది ఇంకా ఘోరం. ఏ సంఖ్య వాడారో, ఎందుకు వాడారో రాయండి. ఒకే సంఖ్యతో ఆపకుండా, అనుకూలమైన పరిస్థితిలో ఎంత, ప్రతికూలమైన పరిస్థితిలో ఎంత అని పరిధి చూపండి. పెద్ద ప్రమాదం అరుదుగా వస్తుంది, వస్తే వందల ప్రాణాలు పోతాయి. ఇలాంటి నష్టానికి ఏడాది సగటు తీస్తే అది చిన్న సంఖ్యలా కనబడి మోసం చేస్తుంది. ఆ సగటు పక్కన, ఒక్క ప్రమాదం జరిగితే మీ విమానాశ్రయంలో రోజువారీగా దిగే అతి పెద్ద విమానంలో ఎంతమంది ఉంటారో కూడా రాయండి. నిర్ణయం తీసుకునేవాళ్ల కళ్ల ముందు రెండు సంఖ్యలూ ఉండాలి.

డబ్బు లేదు, ఇప్పట్లో రాదు అనే విమానాశ్రయాలు కూడా ఊరికే కూర్చోనక్కర్లేదు. పైలట్ల షియర్ రిపోర్ట్‌లను ఒకే పద్ధతిలో, ఎత్తు, చోటు, వేగం మార్పుతో సహా నమోదు చేయించండి. వెనక వచ్చే విమానానికి ఆ రిపోర్ట్ వెంటనే చెప్పడం కంట్రోలర్ల నియమంగా మార్చండి. ఎయిర్‌లైన్స్ దగ్గర విమానాల రికార్డర్లలో ల్యాండింగ్ సమయపు గాలి వివరాలు ఉంటాయి, పేర్లు తీసేసి ఇవ్వమని అడగండి. అద్దెకు దొరికే లైడార్‌ను అన్ని కాలాలూ తిరిగేదాకా ఒకసారి రన్‌వే దగ్గర పెట్టి కొలవండి. కొనాలా, వద్దా, ఏది కొనాలి అనే ప్రశ్నకు సగం జవాబు ఆ కొలతల్లోనే దొరుకుతుంది. కొనకపోయినా కొలవడం దండగ కాదు. ఏ రుతువులో ఏ గంటల్లో జాగ్రత్త పడాలో పైలట్ల చార్టుల్లో రాయడానికి అదే పనికొస్తుంది.

ఈ లేఖ అందుకున్న వారిలో ఫైలు ఇప్పటికే బల్ల మీద ఉన్నవారు ఉంటే, దయచేసి ఒక పని చేయండి. అందులో "గత ప్రమాదాలు" అనే పేజీ తర్వాత "ఈ విమానాశ్రయంలో కొలిచిన షియర్" అనే పేజీ ఉందో లేదో చూడండి. లేకపోతే మంజూరు సంతకమూ వద్దు, తిరస్కరణ సంతకమూ వద్దు. ఆ పేజీ రాయడానికి కావాల్సిన కొలతలకు ముందు డబ్బు ఇవ్వండి, వాటికి ఒక గడువు పెట్టండి, గడువు ముగిసిన రోజున ఫైలు మళ్లీ తెప్పించుకోండి.

ఇట్లు,
విమానయాన వాతావరణ సేవల్లో పనిచేసిన ఒక ఉద్యోగి